గడ్డి, బూజు, భాస్వరం



ఉల్లిపాయ పైపొర ఒలిచేటప్పుడు ఒక్కోసారి వేళ్లకు నల్లటి పొడి అంటుకుంటుంది. కర్నూలు ఉల్లి గానివ్వండి, మహారాష్ట్ర నుంచి వచ్చిన ఉల్లి గానివ్వండి, కాస్త చెమ్మ తగిలిన బస్తాలో ఇది తప్పదు. కడిగేసుకుని వంట మొదలుపెడతాం. ఆ నల్లపొడి ఒక బూజు. శాస్త్రవేత్తలు దాన్ని ఆస్పర్జిల్లస్ నైగర్ అంటారు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ బూజు గురించి, కోతలయ్యాక పొలంలో తగలబెడుతున్న గడ్డి గురించి, ప్రతి పంటకూ దుక్కిలో వేసే డి.ఎ.పి. బస్తా గురించి. ఈ మూడింటినీ కలిపి చూడవలసిన రోజులు వచ్చాయని నా నమ్మకం.

ముందు బస్తా సంగతి. 50 కిలోల డి.ఎ.పి.లో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. భాస్వరం అన్నప్పుడు ఎరువుల లెక్కలో వాడే ఆక్సైడు రూపమని అర్థం చేసుకోండి. బస్తాకు రైతు కట్టే ధర 1350 రూపాయలు. దాని అసలు ఖరీదు అంతకంటే చాలా ఎక్కువ, మిగతాది ప్రభుత్వం భరిస్తోంది. మన దేశం వాడే డి.ఎ.పి.లో సగానికి పైగా తయారైన సరుకుగానే ఓడల్లో వస్తుంది. ఇక్కడ తయారయ్యే దానికి కూడా ముడిరాయో, ఫాస్ఫారిక్ ఆమ్లమో బయటి నుంచే రావాలి. 2021 నుంచి చైనా ఎగుమతులు బిగించినప్పుడు ఆ బిగింపు మన ఊళ్ల ఎరువుల దుకాణాల దాకా తెలిసింది.

నత్రజనికి మరీ ఇంత చిక్కు లేదు. గాలిలో నాలుగింట మూడొంతులకు పైగా అదే. కంది, పెసర, జనుము వేర్లలోని బుడిపెలు దాన్ని నేలకు దించుతాయి. భాస్వరం గాలిలో దొరకదు. రాళ్లలో ఉంటుంది, ఎముకల్లో ఉంటుంది, ప్రాణి శరీరాల్లో ఉంటుంది. ప్రపంచంలో తవ్వి తీయదగిన ఫాస్ఫేట్ రాయిలో సుమారు 70 శాతం మొరాకో చేతిలో, దాని అధీనంలో ఉన్న పశ్చిమ సహారాలో ఉంది. మనకు చెప్పుకోదగ్గ గని రాజస్థాన్‌లో, ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రాలో ఉంది. దేశం ఆకలికి అది చాలదు.

ఇంత దూరం నుంచి తెచ్చి, ఇంత ఖర్చుపెట్టి నేలలో వేసిన భాస్వరం ఏమవుతుంది? వేసిన ఏడాది పంట తీసుకునేది అందులో 15 నుంచి 25 శాతం. మిగతాది నేలే పట్టేసుకుంటుంది. ఎర్ర ఆమ్ల నేలల్లో ఇనుము, అల్యూమినియం దాన్ని బిగించి పెడతాయి. నల్లరేగడిలో, సున్నపు నేలల్లో ఆ పని కాల్షియం చేస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వాకూ దాళ్వాకూ దశాబ్దాలుగా డి.ఎ.పి., కాంప్లెక్స్ ఎరువులు పడుతూనే ఉన్నాయి. తెలంగాణలో వరి, పత్తి, మిర్చి వేసే భూముల్లోనూ అంతే. అలాంటి చోట్ల మట్టి పరీక్ష చేయిస్తే చాలాసార్లు భాస్వరం 'ఎక్కువ' అని వస్తుంది. అయినా పైరు లేతగా ఉన్నప్పుడు భయపడి మళ్లీ ఒక బస్తా వేస్తాం. భాస్వరం మితిమీరితే పైరుకు జింకు సరిగా అందదు. వరిలో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి మొక్క గిడసబారితే జింకు లోపమని ఆ మందు కొంటాం. ఒక బస్తా మిగుల్చుకుంటే తీరిపోయే ఖర్చుకు మరో ఖర్చు తోడవుతోందన్నమాట.

ఫ్యాక్టరీలో ఫాస్ఫేట్ రాయిని ఎరువుగా మార్చే పద్ధతి పాతదే. ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాస్ అనే ఆయన 1842లో సూపర్ ఫాస్ఫేట్‌కు పేటెంటు తీసుకున్నాడు. రాయి మీద గంధకామ్లం పోస్తే అందులో కరగని భాస్వరం కరిగే రూపానికి వస్తుంది. మన దేశంలో ఈ పని 1906లో తమిళనాడులోని రాణీపేటలో మొదలైంది. 1960ల చివర్లో విశాఖపట్నంలో ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది. గంధకామ్లానికి కావలసిన గంధకంలో కొంత భాగం కూడా మనం బయటి నుంచి కొని తెచ్చుకునేదే. పైగా ఒక టన్ను భాస్వరాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంగా తీస్తే సుమారు 5 టన్నుల ఫాస్ఫోజిప్సం పక్కన పోగవుతుంది.

ఆమ్లంతో చేసే ఆ పనిని బూజు కూడా చేయగలదు. నల్లబడిన రాగి బిందెను చింతపండుతో తోమితే తళతళలాడటం మనందరికీ తెలుసు. చింతపండులోని పులుపు లోహం మీది పొరను కరిగిస్తుంది. ఈ నల్లబూజు కూడా అలాంటి పులుపునే తయారుచేస్తుంది. సిట్రిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం, గ్లూకోనిక్ ఆమ్లం దాని శరీరం నుంచి ఊరుతూ ఉంటాయి. 1917లో జేమ్స్ కరీ అనే అమెరికన్ శాస్త్రవేత్త చక్కెర ద్రావణంలో ఈ బూజును పెంచి సిట్రిక్ ఆమ్లం విస్తారంగా తీయవచ్చని చూపించాడు. రెండేళ్లకే న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఫైజర్ కంపెనీ ఆ పద్ధతిలో తయారీ మొదలుపెట్టింది. అంతకు ముందు ప్రపంచమంతా ఇటలీ నిమ్మకాయల మీద ఆధారపడేది. ఇవాళ కూల్‌డ్రింకుల్లో, జామ్‌లలో, మందుబిళ్లల్లో పడే సిట్రిక్ ఆమ్లం దాదాపుగా బూజు పెట్టిన భిక్షే. వందేళ్లుగా పరిశ్రమకు ఇంత సేవ చేస్తున్న జీవిని రైతు గుమ్మందాకా తీసుకురాలేకపోయామే అని నాకు బాధగా ఉంటుంది.

రాయి మీద ఈ ఆమ్లాలు ఏం చేస్తాయో ఒక్క నిమిషం చెప్పుకుందాం. ఫాస్ఫేట్ రాయిలో కాల్షియం, భాస్వరం, కొద్దిగా ఫ్లోరిన్ గట్టిగా అల్లుకుని ఉంటాయి. బూజు చుట్టూ పులుపు పెరిగే కొద్దీ ఆ అల్లిక వదులవుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం ఇంకో అడుగు ముందుకు వేసి కాల్షియాన్ని తనతో కలుపుకుని కరగని కాల్షియం ఆక్సలేటుగా కూర్చుంటుంది. కాల్షియం అలా తప్పుకోగానే భాస్వరం విడివడుతుంది. నేలలో ఇనుముతో, అల్యూమినియంతో బిగుసుకున్న భాస్వరాన్ని కూడా ఈ సేంద్రియ ఆమ్లాలు కొంతవరకు విడిపిస్తాయి. కాబట్టి కొన్న రాయికే పరిమితం కాకుండా, మన పొలంలో ఇరుక్కుపోయిన పాత భాస్వరానికి కూడా ఇది పనికొస్తుంది.

ఏ సూక్ష్మజీవి ఈ పని చేయగలదో తేల్చే పరీక్ష కూడా సులువైనదే. రష్యాలో పికోవ్‌స్కాయా అనే శాస్త్రవేత్త 1948లో దాన్ని రూపొందించారు. కరగని ఫాస్ఫేట్ కలిపి పాలలా తెల్లగా ఉండే జెల్లీని గాజు పళ్లెంలో పోసి, మట్టిలోని సూక్ష్మజీవులను దాని మీద పెంచుతారు. భాస్వరాన్ని కరిగించే జీవి చుట్టూ తెలుపు మాయమై స్పష్టమైన వలయం ఏర్పడుతుంది. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో సుందరరావు, సిన్హా మన నేలల నుంచి ఇలాంటి జీవులను వేరుచేసి 1963లో ఫలితాలు ప్రకటించారు. తరువాత అక్కడే ఎ.సి. గౌర్ పంట వ్యర్థాలను కుళ్లబెట్టే శిలీంధ్రాల మీదా, భాస్వరాన్ని కరిగించే వాటి మీదా ఏళ్ల తరబడి కృషి చేశారు. నల్లబూజుకు దగ్గర చుట్టమైన ఆస్పర్జిల్లస్ అవమోరి అలా జీవన ఎరువుల జాబితాలోకి వచ్చింది. ఇది అరవై ఏళ్ల కిందటే మన దేశంలో వేళ్లూనిన శాస్త్రం.

మరి గడ్డి ఎందుకు? బూజుకు తిండి కావాలి. తిండి లేకపోతే ఆమ్లం ఊరదు. ప్రయోగశాలలో చక్కెర వేసి పెంచవచ్చు, పొలంలో ఆ ఖర్చు గిట్టదు. అందుకే అనేక దేశాల్లో పంట వ్యర్థాల మీదే బూజును పెంచే ప్రయత్నాలు జరిగాయి. స్పెయిన్‌లోని గ్రనడాలో నికొలాయ్ వాసిలెవ్, ఆయన సహచరులు 1990ల నుంచి చక్కెర దుంప పిప్పి మీద ఆస్పర్జిల్లస్ నైగర్‌ను పెంచి, అందులో ఫాస్ఫేట్ రాతిపొడి కలిపి, వచ్చిన సరుకును మొక్కలకు వేసి చూశారు. ఆలివ్ కాయల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పినీ వాడారు. బ్రెజిల్‌లో గిల్బెర్తో మెండిస్, మౌరీసియో కోస్తా చెరకు పిప్పి, కాఫీ పొట్టు లాంటివి వాడారు. ఎవరి ఊళ్లో ఏది మిగిలితే దానితో చేశారు.

ఇక్కడ ఒక అపోహ పోగొట్టాలి. గడ్డిలో భాస్వరం పెద్దగా లేదు. టన్ను వరిగడ్డిలో మూలక రూపంలో చూస్తే దాదాపు కిలో మాత్రమే ఉంటుంది. పొటాష్ మాత్రం 12 కిలోలకు పైగానే ఉంటుంది, నత్రజని 5 నుంచి 8 కిలోలు. బూజు కూడా భాస్వరాన్ని పుట్టించదు. రాతిలో ఉన్నదాన్ని, ఎముకపొడిలో ఉన్నదాన్ని, నేలలో బిగుసుకున్నదాన్ని బయటికి తీస్తుంది, అంతే. ఎవరైనా ఒక సీసా చూపించి ఇది చల్లితే భాస్వరం ఎరువే అక్కర్లేదు అంటే నమ్మకండి. నేలలో అసలు నిల్వే లేని చోట ఏ సూక్ష్మజీవీ దాన్ని తెచ్చిపెట్టలేదు.

బ్రెజిల్ వాళ్ల పనిలో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది. రాయి కరిగే కొద్దీ దానిలోని ఫ్లోరిన్ కూడా ఫ్లోరైడ్ రూపంలో బయటపడుతుంది. అది బూజును దెబ్బతీస్తుంది. ఆమ్లం ఊరడం తగ్గి, భాస్వరం కరగడం మధ్యలోనే మందగిస్తుంది. ఫ్లోరైడ్ చేసే చెరుపు గురించి నల్గొండ జిల్లా వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయిన మనుషులను తరాల తరబడి చూసిన నేల అది. బూజుకూ అదే శత్రువు అయింది. బ్రెజిల్ పరిశోధకులు దీనికి రెండు దారులు వెతికారు. ఒకటి, ఫ్లోరైడ్‌ను తట్టుకునే బూజు రకాలను తయారుచేయడం. రెండోది మనకు మరీ దగ్గర. బయోచార్, అంటే గాలి సరిగా తగలకుండా పంట వ్యర్థాలను కాల్చి చేసిన బొగ్గు, దాన్ని కలిపితే అది ఫ్లోరైడ్‌ను తనలోకి లాక్కుంది. బూజు మళ్లీ పుంజుకుని ఆమ్లం ఎక్కువగా ఊరించింది. 2014లో ఈ ఫలితాలు వచ్చాయి.

హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అదే క్రీడా, పత్తి కట్టె, కంది కట్టె, మొక్కజొన్న చొప్ప, ఆముదం కట్టెలతో బయోచార్ చేసే చిన్న బట్టీని ఎప్పుడో రూపొందించింది. పత్తి తీసేశాక కట్టెలు పొలంలోనే కుప్పవేసి అంటించడం ఆదిలాబాద్ నుంచి గుంటూరు దాకా మామూలే. ఆ కట్టెలను బొగ్గు చేసి, అదే బొగ్గును రాయీ బూజూ ఉన్న కుప్పలో కలిపితే ఫలితం ఎలా ఉంటుందో మన పరిశోధనా కేంద్రాలు మన నేలల్లో, మన పంటల మీద పట్టుదలగా చూడాలి. ఇంత చేరువలో అన్నీ ఉన్న చోటు ఇంకొకటి దొరకడం కష్టం.

ఇక రైతు చేయగలిగింది ఏమిటి? అతి సులువైన రూపం ఫాస్ఫో కంపోస్టు. హర్యానాలో హిసార్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 1980ల్లో దీని మీద మంచి పని జరిగింది. ఎండు వ్యర్థాల తూకంలో ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా రాక్ ఫాస్ఫేట్ పొడి కలపడం పరిపాటి. అంటే క్వింటాలు గడ్డికి 12 నుంచి 25 కిలోలు. గడ్డిని చిన్న ముక్కలుగా నరికి, పొరలు పొరలుగా పేర్చి, ప్రతి పొర మీదా పేడనీళ్లు, రాతిపొడి, కాస్త పాత ఎరువు, కాస్త పొలం మట్టి చల్లాలి. వరిగడ్డిలో నత్రజని తక్కువ కాబట్టి క్వింటాలుకు అరకిలో నుంచి కిలో దాకా యూరియా నీళ్లలో కలిపి చల్లితే త్వరగా చివుకుతుంది. పచ్చిరొట్టో, పప్పుజాతి పంటల ఆకో దొరికితే యూరియా అక్కర్లేదు. పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు మాత్రం కారకూడదు. తేమకు అదే కొలత.

కుప్ప మొదట బాగా వేడెక్కుతుంది. ఆ వేడిలో మనం వేసే మంచి శిలీంధ్రాలు బతకవు. అందుకని వేడి తగ్గి, మొదటి తిరగేత అయ్యాక ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం, భాస్వరాన్ని కరిగించే జీవన ఎరువు కలపాలి. రెండు వారాలకోసారి తిరగవేస్తూ ఉంటే మూడు, నాలుగు నెలల్లో నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. పనిలో దిగే ముందు ఒక మాట: భాస్వరం కరిగించే బూజు పుల్లటి, తీయటి తిండి ఉంటే జోరుగా పనిచేస్తుంది. ఉత్త గడ్డి దానికి అరగడం కష్టం. చక్కెర మిల్లు దగ్గరుంటే ఫిల్టర్ మడ్డి, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల తొక్కలు, కూరగాయల మార్కెట్ చెత్త, తవుడు, ఏది చవకగా దొరికితే అది కొంత కలపండి.

లెక్క కూడా చెప్పాలి. క్వింటాలు గడ్డికి 25 కిలోల రాతిపొడి వేస్తే, గడ్డి చివికి సగమయ్యాక మిగిలే ఎరువులో భాస్వరం సుమారు 5, 6 శాతం ఉంటుంది. డి.ఎ.పి. బస్తాలోని 23 కిలోల భాస్వరానికి సాటి రావాలంటే దాదాపు 4 క్వింటాళ్ల ఎరువు వేయాలి. అందులోనూ అంతా ఆ పంటకే కరిగి అందదు. బరువు ఎక్కువ, కూలి ఎక్కువ. ఈ కష్టాన్ని దాచిపెట్టి రైతుకు ఏమీ చెప్పకూడదు. కాని ఆ 4 క్వింటాళ్లతో సేంద్రియ పదార్థం వస్తుంది, గడ్డిలోని పొటాష్ వస్తుంది, రెండో పంటకూ మూడో పంటకూ భాస్వరం మెల్లగా విడుదలవుతూ ఉంటుంది. కరిగిన భాస్వరంలో కొంత సూక్ష్మజీవుల శరీరాల్లోకి చేరి, అవి చనిపోయాక బయటికి వస్తుంది. కాబట్టి నేల దాన్ని వెంటనే పట్టేసుకోలేదు.

ఝామర్‌కోట్రా గనుల్లో పనిచేసిన డి.ఎం.ఆర్. శేఖర్ ఇదే ఆలోచనను పరిశ్రమ స్థాయికి తీసుకెళ్లారు. బాగా మెత్తగా నూరిన మేలురకం ఫాస్ఫేట్ రాతిపొడిని సేంద్రియ వ్యర్థాలతో కలిపి చివికించిన ఎరువు అది. ప్రోమ్ అన్న పేరుతో కేంద్ర ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి ఎక్కింది. బస్తా కొంటే దాని మీద భాస్వరం 10 శాతానికి పైగా ఉన్నట్టు రాసి ఉందో లేదో చూడండి. బిల్లు తీసుకోకుండా ఏ సేంద్రియ ఎరువూ కొనకండి.

రాతిపొడిని నేరుగా పొలంలో చల్లితే సరిపోదా అని కొందరు అడుగుతారు. అరకు, పాడేరు వైపు ఆమ్ల గుణమున్న ఎర్రనేలల్లో, కాఫీ తోటల్లో, అది కొంత పనిచేస్తుంది. నేలలోని పులుపే రాయిని కరిగిస్తుంది. మన మైదానాల్లోని తటస్థ నేలల్లో, నల్లరేగడిలో రాతిపొడి రాతిపొడిగానే ఉండిపోతుంది. అలాంటి నేలలకు కుప్పలో బూజు చేసే పని తప్పనిసరి.

జాగ్రత్తలు రెండున్నాయి, రెండూ ముఖ్యం. అనంతపురం, కర్నూలు వేరుశనగ రైతులు ఈ మాట వినాలి. ఆస్పర్జిల్లస్ నైగర్ వేరుశనగలో మొదలు కుళ్లు తెగులు తెస్తుంది. మొలక వచ్చిన కొద్ది రోజులకే మొదలు నల్లబడి మొక్క వాలిపోయేది దానివల్లే. కాబట్టి ఎక్కడో దొరికిన నల్లబూజును బెల్లం నీళ్లలో పెంచి పొలంలో పోయడం ప్రమాదం. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ జీవన ఎరువుల కేంద్రాలు ఇచ్చే పరీక్షించిన రకాలనే వాడాలి. బూజుల్లో విషం ఊరించేవీ ఉన్నాయి, వేరుశనగ గింజల్లో అఫ్లాటాక్సిన్ తెచ్చేది కూడా ఈ కుటుంబానిదే. రెండోది, కుప్ప తిరగవేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లను, పసిపిల్లలను దగ్గరికి రానివ్వకండి. ఆ పొడిలోని బీజాలు ఊపిరితిత్తులకు మంచివి కావు.

ప్రభుత్వాలకు కూడా ఒక మాట చెప్పాలి. హార్వెస్టర్ కోసిన వెంటనే తర్వాతి పంటకు దమ్ము చేయాలన్న తొందరలో రైతు గడ్డికి నిప్పు పెడుతున్నాడు. అతన్ని కేసులతో బెదిరించి లాభం లేదు. గడ్డి టన్నులకు టన్నులు లారీల్లో దూరం తీసుకెళ్లడం గిట్టదు. మండలానికి ఒకటో రెండో చోట్ల, చక్కెర మిల్లుల దగ్గర, మామిడి ఫ్యాక్టరీల దగ్గర, పెద్ద మార్కెట్ యార్డుల దగ్గర ఫాస్ఫో కంపోస్టు కేంద్రాలు పెట్టాలి. వాటిని మహిళా సంఘాలకు అప్పగించి, రాతిపొడి, జీవన ఎరువులు సమయానికి అందిస్తే పని నడుస్తుంది. విదేశీ బస్తా మీద పెడుతున్న రాయితీలో చిన్న భాగం దీనికి మళ్లించినా చాలు.

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నా మనవి. వచ్చే పంటకు ముందు మట్టి పరీక్ష చేయించండి. భాస్వరం ఎక్కువ అని వస్తే డి.ఎ.పి.ని ఎంత తగ్గించుకోవచ్చో మీ వ్యవసాయ అధికారినో, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడగండి. ఒక్కసారిగా మానేయకండి. మీ గడ్డిలో కొంత భాగంతోనే ఒక కుప్ప వేయండి. అర ఎకరంలో ఆ ఎరువు వేసి, పక్కనే అర ఎకరంలో మీ పాత పద్ధతి ఉంచండి. పిలకలు లెక్కపెట్టండి, దిగుబడి తూకం వేయండి, ఖర్చు రాసిపెట్టుకోండి. ఆ లెక్కను ఈ కార్యక్రమానికి ఉత్తరంగా రాసి పంపండి. మీ జిల్లా, మీ నేల రంగు, మీ పంట కూడా అందులో రాయడం మరవకండి.